స్టిఫెనర్లున్న ఓడ ప్యానెల్ బలాన్ని కాలేజీ ల్యాబులో పరీక్షించే పద్ధతి

ఓడ మధ్యభాగం అల శిఖరం మీదికి వచ్చి రెండు కొనలూ వేలాడినప్పుడు అడుగు ప్లేట్లు పొడుగునా నొక్కుకుంటాయి. కొనలు రెండూ అలల మీద ఉండి నడుము కుంగినప్పుడు డెక్కు ప్లేట్లు నొక్కుకుంటాయి. మొదటిదాన్ని హాగింగ్ అంటారు, రెండోదాన్ని సాగింగ్ అంటారు. పలుచని ఉక్కు ప్లేటు లాగుడును తట్టుకున్నంత బాగా నొక్కుడును తట్టుకోలేదు, ఉబ్బిపోతుంది. అందుకే దాని వెనుక, పెద్ద ఓడల్లో సుమారు 700 నుంచి 850 మి.మీ.కు ఒకటి చొప్పున, స్టిఫెనర్లు అనే నిలువు పట్టీలు వెల్డింగ్ చేస్తారు. ఆ ప్యానెల్ చేతులెత్తేస్తే ఓడ నడుమే విరుగుతుంది. 2007 జనవరిలో ఇంగ్లిష్ ఛానెల్‌లో ఎంఎస్‌సీ నాపోలీ అనే కంటైనర్ ఓడ హల్ (ఓడ ఒళ్లు) ఇంజిన్ రూమ్ దగ్గర ఇలాగే బక్లింగ్‌కు, అంటే నొక్కుడుకు ఉబ్బి వంగిపోవడానికి, లోనై దెబ్బతింది. 2013 జూన్‌లో ఎంఓఎల్ కంఫర్ట్ హిందూ మహాసముద్రంలో రెండు ముక్కలైంది.

అసలు కొలతల ప్యానెల్‌ను మన దగ్గర పరీక్షించడం కుదరదు. 800 మి.మీ. వెడల్పు, 16 మి.మీ. మందం, 355 మెగాపాస్కల్ ఈల్డ్ (ఉక్కు శాశ్వతంగా రూపం మారడం మొదలయ్యే ఒత్తిడి) ఉన్న ప్లేటు ఒక్క బే (రెండు స్టిఫెనర్ల మధ్య భాగం) చితకడానికే 4,500 కిలోన్యూటన్లు దాటాలి. కర్నూలు, అనంతపురం, కడపల్లోని ఇంజినీరింగ్ కాలేజీల స్ట్రెంగ్త్ ల్యాబుల్లో అందుబాటులో ఉండేది మహా అయితే 1,000 కిలోన్యూటన్ల యూటీఎం (లాగి, నొక్కి చూసే యూనివర్సల్ టెస్టింగ్ మిషన్), ఒక లోడింగ్ ఫ్రేమ్, 500 కిలోన్యూటన్ల జాకీ. ఆ సరంజామాకు సరిపోయే నమూనా, దాన్ని చేసే తీరు, లోడు వేసే తీరు ఇక్కడ ఇస్తున్నాం. జాగ్రత్తగా చేస్తే ఇంత చిన్న ప్యానెల్ కూడా ఓడ ప్యానెల్ ఎలా కూలుతుందో నిజంగా చూపిస్తుంది. అజాగ్రత్తగా చేస్తే ఒక అంకె మాత్రం వస్తుంది, అది దేని బలమో ఎవరూ చెప్పలేరు.

కొలతలు ఎంచుకోవడం

చిన్న ప్యానెల్ పెద్ద ప్యానెల్‌లా ప్రవర్తించాలంటే రెండు నిష్పత్తులు కలవాలి. ఒకటి బీటా, ప్లేటు సన్నదనం. స్టిఫెనర్ల మధ్య దూరాన్ని మందంతో భాగించి, దాన్ని (ఈల్డ్ ÷ ఇ) వర్గమూలంతో గుణిస్తే వస్తుంది. ఇ అంటే ఉక్కు యంగ్ గుణకం. రెండోది లాంబ్డా, స్టిఫెనర్‌నూ దానికి అంటుకున్న ప్లేటునూ కలిపి ఒక స్తంభంగా చూసినప్పటి సన్నదనం. పొడవును (π × గైరేషన్ వ్యాసార్ధం)తో భాగించి అదే వర్గమూలంతో గుణించాలి. ఓడ డెక్కుల్లోనూ అడుగుల్లోనూ బీటా ఎక్కువగా 1 నుంచి 2.5 మధ్య ఉంటుంది.

మేం సూచించే నమూనా ఇది. ప్లేటు 3 మి.మీ., స్టిఫెనర్లు 40×5 ఫ్లాట్లు మూడు, వాటి మధ్య దూరం 150 మి.మీ. కొనల్లో తిరగడానికి పెట్టే హింజి నుంచి హింజికి పొడవు 600 మి.మీ. ఈల్డ్ 280, ఇ 2,05,000 మెగాపాస్కల్ అనుకుంటే బీటా 1.85, లాంబ్డా 0.60 వస్తాయి. మీ కూపన్ (అదే ఉక్కు నుంచి కోసి లాగి చూసే చిన్న ముక్క) పరీక్షలో వచ్చిన ఈల్డ్‌తో ఈ రెండూ మళ్లీ లెక్కించుకోవాలి. ఫలానా ఓడ ప్యానెల్‌ను పోల్చాలంటే దూరాన్ని మార్చండి. పైన చెప్పిన 800×16, 355 మెగాపాస్కల్ ప్లేటు బీటా 2.08. మన 280 ఉక్కుతో అదే బీటా రావాలంటే 3 మి.మీ. ప్లేటుకు దూరం 169 మి.మీ. ఉండాలి. ఓడలో మందానికి 50 రెట్లు దూరం ఉంది కదా అని మనమూ 50 రెట్లే పెడితే సరిపోదు, ఈల్డ్ తేడాను లెక్కలోకి తీసుకోవాల్సిందే.

చివరి స్టిఫెనర్‌కు అవతల ప్లేటు ఎంత వదలాలన్నది చాలామంది తప్పే చోటు. సగం బే, అంటే 75 మి.మీ., వదలడం సహజంగా తోస్తుంది. కానీ ఆ అంచుకు ఏ ఆధారమూ లేదు. ఒక పక్క వదులుగా ఉన్న ప్లేటు బక్లింగ్ గుణకం 0.43, రెండు పక్కలా ఆధారమున్నదానికి 4. లెక్క వేస్తే 75 మి.మీ. అంచు లోపలి బే కన్నా సగం కంటే తక్కువ ఒత్తిడికే ఉబ్బుతుంది. ప్యానెల్ అంచు నుంచే కూలిపోతుంది, మనం చూడాలనుకున్న నడుమ బేల సంగతి తేలదు. అంచును దూరంలో మూడో వంతు లోపే ఉంచాలి. 150కి 45 మి.మీ. చాలు. అప్పుడు మొత్తం వెడల్పు 390, ప్లేటు వైశాల్యం 1,170, మూడు ఫ్లాట్లు 600, మొత్తం 1,770 చదరపు మి.మీ. చితికే లోడు, అంటే ఉబ్బకుండా వైశాల్యమంతా ఈల్డ్‌కు చేరే లోడు, 280 లెక్కన 496 కిలోన్యూటన్లు. అసలు కూలే లోడు దీనికన్నా బాగా తక్కువ కాబట్టి 500 జాకీ సరిపోతుంది.

ఉక్కు

ఐఎస్ 2062 ఇ250 రకం హాట్ రోల్డ్ షీటు తీసుకోండి. ఒకే రకం ప్యానెళ్లు మూడు చేయాలి కాబట్టి మూడింటి ప్లేట్లూ, వాటి కూపన్లూ ఒకే షీటు నుంచి కోయాలి. నొక్కే దిశ రోలింగ్ దిశలో ఉండాలి. కర్నూలు కల్లూరు ఎస్టేట్ లాంటి చోట షాపులో దొరికే ముక్కలు ఏ షీటువో చెప్పలేరు కనుక కొత్త షీటు ఒకటి పూర్తిగా కొనడమే మేలు. షియర్ మిషన్లో కోస్తే అంచులు వంగి వస్తాయి, లేజరుతో కోయించండి.

ఫ్లాట్ల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. బజారులో దొరికే ఎంఎస్ ఫ్లాట్లు చాలావరకు రీరోలింగ్ మిల్లులవి. వాటి ఈల్డ్ షీటు ఈల్డ్‌తో కలవదు. ప్లేటు నుంచి మూడు, ఫ్లాటు నుంచి మూడు కూపన్లు తీసి ఐఎస్ 1608 ప్రకారం విడివిడిగా లాగి చూడాలి. 12.5 మి.మీ. వెడల్పు, 50 మి.మీ. గేజ్ పొడవు చాలు. ఈల్డ్ చదును (లోడు పెరగకుండానే ఉక్కు సాగే దశ) మీదికి చేరాక మిషన్‌ను రెండు నిమిషాలు ఆపండి. లోడు కొంచెం దిగి ఒక చోట నిలుస్తుంది. లెక్కల్లో వాడాల్సింది ఆ నిలిచిన విలువనే. మిషన్ వేగంగా నడిపి తీసిన ఈల్డ్ కొన్ని శాతం ఎక్కువ చూపిస్తుంది, ఆ తప్పు నేరుగా మీ ఫలితంలోకి వస్తుంది.

మందాన్ని కూడా మైక్రోమీటరుతో కొలవాలి. పొక్కు (రోలింగ్‌లో ఏర్పడే మిల్ స్కేల్) గీకేసి ఒక్కో బేలో కనీసం ఐదు చోట్ల చూడండి. షీటు మీద 3 అని రాసి ఉండటాన్ని నమ్మొద్దు. 2.85 వచ్చిందంటే బీటా ఐదు శాతం పెరిగినట్టే.

వెల్డింగ్

ఇక్కడి ఫ్యాబ్రికేషన్ షాపుల్లో చెయ్యి తిరిగిన వెల్డర్లున్నారు. అయితే వాళ్లు రోజూ చేసేది ట్రాక్టర్ ట్రాలీలు, నీళ్ల ట్యాంకర్లు, గేట్లు. బలంగా ఉండాలని లావుగా వేయడం వాళ్ల అలవాటు. ఈ పనిలో లావు వెల్డే శత్రువు. వెల్డు చల్లారి ముడుచుకునేటప్పుడు దానికి అటూ ఇటూ ప్లేటు మందానికి మూడు నుంచి నాలుగున్నర రెట్ల వెడల్పున ఉక్కు ఈల్డ్ దాకా లాగబడి ఉండిపోతుంది. దాన్ని సరితూచడానికి మిగతా ప్లేటు నొక్కుకుని ఉంటుంది. మన కొలతల్లో మూడు రెట్లయితే ప్లేటులో ఈల్డ్‌లో 14 శాతం, నాలుగున్నర రెట్లయితే 22 శాతం నొక్కుడు లోడు వేయకముందే చేరిపోతుంది. వెల్డరుకు ఈ సంగతి ముందే విడమరిచి చెప్పండి. వెల్డు కాలు (ప్లేటు మీద, ఫ్లాటు మీద వెల్డు పరుచుకునే కొలత) 3 మి.మీ. మించకూడదని చెప్పి, తుక్కు ముక్క మీద ఒక నమూనా వేయించి గేజ్‌తో చూశాకే అసలు ప్యానెల్ ఇవ్వండి.

సీఓటూ మిగ్, 0.8 మి.మీ. వైరు, 80 నుంచి 100 ఆంపియర్లు మంచి ఎంపిక. మిగ్ లేకపోతే 2.5 మి.మీ. 6013 రాడ్లు, 60 నుంచి 80 ఆంపియర్లు. 3.15 రాడ్డు ఈ రేకుకు వద్దు. ముందు 75 మి.మీ.కు ఒకటి చొప్పున, ఒకటి కుడి పక్క, ఒకటి ఎడమ పక్క, టాకులు వేయించాలి. తర్వాత నడిమి స్టిఫెనర్‌తో మొదలుపెట్టి 70, 80 మి.మీ. ముక్కలుగా, ఒక పక్క వేసింది చెయ్యి పెట్టగలిగేంత చల్లారాకే రెండో పక్క వేయించాలి. వంగిందని సుత్తితో కొట్టి సరిచేయొద్దు, గ్యాసు మంట పెట్టొద్దు. అలా చేస్తే నిల్వ ఒత్తిళ్లు ఎవరికీ అంతుపట్టని విధంగా మారిపోతాయి. వంపు ఉన్నది ఉన్నట్టు కొలిచి రాసుకోవడమే సరైన పని.

కొనలు

పరీక్షలు ఎక్కువగా చెడేది ఇక్కడే, అందుకే దీని మీద కొంచెం నిలబడదాం.

ప్యానెల్‌కు రెండు కొనల్లో 20 మి.మీ. ఎండ్ ప్లేట్లు వెల్డింగ్ చేసి, నేరుగా ఫ్రేమ్ దిమ్మెల మీద నిలబెట్టి నొక్కితే, చూడటానికి అంతా బాగానే ఉంటుంది. అయితే చదునుగా ఆనిన మందపు ప్లేటు తిరగదు. కొనలు బిగించినట్టే అవుతాయి, స్తంభం అసలు పొడవు సగానికి పడిపోతుంది. లాంబ్డా 0.6 అనుకుని లెక్కలు కట్టిన ప్యానెల్ నిజానికి 0.3 దగ్గర పనిచేస్తుంది. ఫలితం లెక్క కన్నా ఎక్కువొస్తే ఫార్ములా తప్పని అనుకుంటారు. ఫార్ములా తప్పు కాదు, హింజి లేకపోవడమే కారణం.

హింజికి 40 మి.మీ. ఈఎన్8 షాఫ్టు ముక్కలు రెండు, ఒక్కోటి 400 మి.మీ. పొడవువి తీసుకుని, ఒక్కోదాన్ని మిల్లింగ్ మీద సరిగ్గా 20 మి.మీ. మిగిలేలా సగానికి చెక్కించండి. ఒకే షాఫ్టును రంపంతో నిలువునా చీల్చి రెండు చేయొద్దు. రంపం మందం పోయి రెండు ముక్కలూ సగం కన్నా పలుచగా వస్తాయి, తిరిగే కేంద్రం చదును ముఖంలో ఉండదు. చదును ముఖం ఎండ్ ప్లేటుకు ఆనాలి. గుండ్రని ముఖం 50 మి.మీ. దిమ్మెలో అదే వ్యాసార్ధంతో చెక్కిన గాడిలో, మాలిబ్డినం గ్రీజు పూసి కూర్చోవాలి. అప్పుడు తిరిగే ఇరుసు ఎండ్ ప్లేటు వెలుపలి ముఖంలోనే ఉంటుంది. అంటే 600 పొడవు రావాలంటే ప్యానెల్‌ను 560కే కోయాలి, మిగతా 40 రెండు ఎండ్ ప్లేట్ల మందం.

సగం షాఫ్టును ఎండ్ ప్లేటుకు వెల్డింగ్ చేయొద్దు. ఎండ్ ప్లేటులో పొడవాటి రంధ్రాలు పెట్టి, 10 మి.మీ. బోల్టులతో బిగిస్తే అటూ ఇటూ 3 మి.మీ. జరపగలుగుతారు. ఆ జరుపుడు ఎంత అవసరమో ఒక లెక్క చెబుతుంది. మన ప్యానెల్ గురుత్వ కేంద్రం ప్లేటు వెలుపలి ముఖం నుంచి 8.8 మి.మీ. దూరంలో ఉంది. ఇరుసు దాని నుంచి కేవలం 1 మి.మీ. పక్కకు ఉంటే స్టిఫెనర్ కొనలో (ప్లేటుకు దూరంగా ఉన్న అంచులో) ఒత్తిడి సగటు కన్నా 23 శాతం మారుతుంది, ప్లేటు ముఖంలో 6 శాతం వ్యతిరేక దిశలో మారుతుంది. స్కేలుతో గీత గీసి కూర్చోబెడితే వచ్చే పొరపాటే 1 మి.మీ. ఉంటుంది. అందుకే మొదట గీత ప్రకారం బిగించి, అసలు సర్దుబాటు స్ట్రెయిన్ గేజ్‌లను చూస్తూ చేయాలి.

ఎండ్ ప్లేటు వేసేముందు ప్యానెల్ కొనలను, స్టిఫెనర్లతో సహా, ఒకే అమరికలో మిల్లింగ్ చేయించండి. ఎండ్ ప్లేటు ఆనించాక 0.1 మి.మీ. ఫీలర్ ఎక్కడా దూరకూడదు. సందు ఉంటే లోడు వెల్డుల గుండా పోతుంది, కొన దగ్గర ప్లేటు ముందుగా నలుగుతుంది. అలా కొనలోనే నలిగిన ప్యానెల్ ఫలితాన్ని పక్కన పడేయాలి.

వంపు కొలవడం

ప్యానెల్‌ను మూడు ఉక్కు బాల్స్ మీద పెట్టండి. నాలుగు చోట్ల ఆనిస్తే అది ఊగుతుంది, లేదా బలవంతంగా వంగుతుంది. కొలిచే ఆధారానికి గ్రైండింగ్ చేసిన స్ట్రెయిట్ ఎడ్జ్ కావాలి. దాని మీద జారే 0.01 మి.మీ. డయల్ గేజ్‌తో 25 మి.మీ. గళ్లలో రీడింగులు తీయాలి. తాడిపత్రి పాలిష్ బండ నున్నగా ఉందని దాన్నే సర్ఫేస్ ప్లేటుగా వాడే అలవాటు కొన్ని షాపుల్లో ఉంది. నునుపు వేరు, చదును వేరు. బండ మీద పెట్టి చేసుకోండి గానీ ఆధారంగా మాత్రం తీసుకోవద్దు.

ఎంత వంపు మామూలో పోల్చుకోవడానికి 1980లలో స్మిత్ అనే పరిశోధకుడు, సహచరులు ఇచ్చిన కొలమానం ఇప్పటికీ వాడుకలో ఉంది. ప్లేటు వంపు 0.1 × బీటా వర్గం × మందం ఉంటే సగటు, 0.025 అయితే స్వల్పం, 0.3 అయితే తీవ్రం. మన ప్యానెల్‌కు ఇవి వరసగా 1.0, 0.26, 3.1 మి.మీ. స్టిఫెనర్ నిలువు వంపు పొడవులో 0.0015 వంతు, సుమారు 0.9 మి.మీ. మామూలు. ఈ హద్దులో ఉంటే ఓడ ప్యానెల్‌కు దగ్గరగా ఉన్నట్టు.

గరిష్ఠ వంపు ఒక్కటే రాసి ఊరుకోవద్దు, ఆకారం అంతకన్నా ముఖ్యం. ఈ బే 560 పొడవు, 150 వెడల్పు కాబట్టి ఉబ్బేటప్పుడు నాలుగు అర్ధ తరంగాలుగా ఉబ్బుతుంది. వెల్డింగ్ వల్ల వచ్చే వంపు చాలావరకు ఒకే పొడవాటి లోతుగా ఉంటుంది. ఆ పెద్ద లోతు బలాన్ని పెద్దగా తగ్గించదు, ఒక్కోసారి ప్లేటును ఇంకో ఆకారంలోకి పోనీయకుండా పట్టి ఉంచుతుంది కూడా. హాని చేసేది అందులో దాగిన నాలుగు తరంగాల భాగం. బే నడిమి గీత రీడింగులను స్ప్రెడ్‌షీటులో సైను తరంగాలుగా విడగొట్టి నాలుగో భాగం ఎంతో రాసుకోండి. స్టిఫెనర్లు పక్కకు ఎంత ఒరిగి ఉన్నాయో కూడా మట్టం బద్దతో చూసి నమోదు చేయాలి.

గేజ్‌లు

120 ఓం, ఉక్కుకు ఉష్ణ పరిహారం చేసిన స్ట్రెయిన్ గేజ్‌లు పదిహేను కావాలి. అన్నీ పొడవు మధ్యలోనే. ప్రతి స్టిఫెనర్ కొన దగ్గర రెండు పక్కలా ఒక్కోటి, ఆరు. రెండు బేల నడుమ ప్లేటుకు రెండు ముఖాలా, నాలుగు. స్టిఫెనర్ల వెనుక ప్లేటు వెలుపలి ముఖం మీద, మూడు. రెండు బయటి అంచుల్లో, రెండు. కొలిచే పెట్టెలో పదహారో ఛానెల్‌కు లోడు పడని ఉక్కు ముక్క మీద డమ్మీ గేజ్ పెట్టి ప్యానెల్ పక్కనే ఉంచండి.

పొక్కును గ్రైండరుతో తీసి 220, తర్వాత 400 ఎమెరీతో రుద్ది, అసిటోన్‌తో తుడవాలి. దూది తెల్లగా వచ్చేదాకా తుడుస్తూనే ఉండాలి, ఒకే దిశలో. సయనోఅక్రిలేట్ జిగురు గాలిలో తేమ ఉంటేనే పట్టుకుంటుంది. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో మన పక్క గాలి ఎండిపోయి ఉంటుంది, జిగురు పట్టడానికి చాలాసేపు తీసుకుంటుంది. మామూలుగా నిమిషం నొక్కితే చాలు అన్న లెక్కతో వేలు తీస్తే గేజ్ మూల లేచిపోతుంది. పొద్దున్నే అంటించండి, టెఫ్లాన్ కాగితం మీద బొటనవేలితో రెండు మూడు నిమిషాలు గట్టిగా నొక్కి పట్టండి.

వేడి ఇంకో రకంగానూ దెబ్బ తీస్తుంది. రేకుల షెడ్డులో పొద్దున్నుంచి మధ్యాహ్నానికి 10 డిగ్రీలు పెరగడం మామూలే. గేజ్‌కు రెండు వైర్లతో లీడు ఇచ్చి, ఆ లీడు నిరోధం అర ఓం ఉంటే, 10 డిగ్రీలకు ఆ రాగి తీగ ఒక్కటే 80 మైక్రోస్ట్రెయిన్ల (పొడవులో పది లక్షల్లో 80 వంతుల మార్పు) దొంగ రీడింగు ఇస్తుంది. మూడు వైర్ల పద్ధతి వాడితే ఈ బాధ పోతుంది. కిటికీ ఎండ ప్యానెల్ మీద ఒక పక్కే పడకుండా గోనె సంచి వేలాడదీయండి. ఛానెల్ సరిగా చదువుతోందో లేదో 59,880 ఓం రెసిస్టరును గేజ్‌కు అడ్డంగా పెట్టి చూసుకోవచ్చు. గేజ్ ఫ్యాక్టర్ 2.0 అయితే 1,000 మైక్రోస్ట్రెయిన్ చూపాలి.

కొలిచే పెట్టెకు యూపీఎస్ తప్పనిసరి. వెల్డింగ్ సెట్టూ బోరు మోటారూ ఉన్న ఫేజు మీద దాన్ని పెట్టొద్దు.

కదలికను కొలిచే ఎల్‌వీడీటీలు తొమ్మిది: ఎండ్ ప్లేట్ల నాలుగు మూలల మధ్య కుదింపుకు నాలుగు, స్టిఫెనర్ల నడుముల పక్క కదలికకు మూడు, బేల మీద రెండు. పక్క కదలికవి లోడింగ్ ఫ్రేమ్‌కు బిగించొద్దు. లోడు కింద ఫ్రేమ్ కూడా సాగుతుంది, కదులుతుంది. నేల మీద విడిగా నిలబెట్టిన స్టాండుకే బిగించాలి.

లోడు వేయడం

ముందుగా ఎంతకు కూలాలో లెక్క వేసుకోండి. రెండు విధాలుగా వేస్తే మంచిది. ఫాల్క్‌నర్ ప్రభావ వెడల్పు సూత్రం ప్రకారం పనిచేసే వెడల్పు నిష్పత్తి 2/బీటా నుంచి 1/బీటా వర్గం తీసేస్తే వస్తుంది, ఇక్కడ 0.79. దాన్ని జాన్సన్–ఓస్టెన్‌ఫెల్డ్ స్తంభ సూత్రంతో కలిపితే 403 కిలోన్యూటన్లు వస్తాయి. ఇందులో నిల్వ ఒత్తిడి తగ్గింపు లేదు. 1997లో పైక్, తాయంబల్లి అనే పరిశోధకులు ఇచ్చిన ప్రయోగాత్మక సూత్రం ప్రకారం చితికే లోడులో 0.685 వంతు, 340 కిలోన్యూటన్లు. మామూలు వెల్డింగ్‌తో చేసిన ప్యానెల్ ఈ రెంటికీ మధ్యలోనో, తక్కువ వైపుకు దగ్గరగానో పడాలి.

ఇక సర్దుబాటు. 85 కిలోన్యూటన్ల దాకా మూడుసార్లు ఎక్కించి దించండి, హింజీలు సర్దుకుంటాయి. నాలుగోసారి 85 దగ్గర ఆపి గేజ్‌లు చదవండి. అన్ని చోట్లా 234 మైక్రోస్ట్రెయిన్ దగ్గర ఉండాలి. స్టిఫెనర్ కొనల సగటుకూ, స్టిఫెనర్ల వెనుక ప్లేటు ముఖం సగటుకూ తేడా 67 వస్తే ఇరుసు 1 మి.మీ. తప్పిందని అర్థం. కొనల్లో నొక్కుడు ఎక్కువ ఉంటే ఇరుసు స్టిఫెనర్ల వైపుకు జరిగి ఉంది, బోల్టులు వదులు చేసి ప్లేటు వైపుకు జరపాలి. 15 మైక్రోస్ట్రెయిన్ లోపుకు వచ్చేదాకా సర్దండి. మూడు స్టిఫెనర్ల మధ్య తేడా 10 శాతం దాటితే దిమ్మె కింద ఒక పక్క 0.05 షిమ్ వేయాలి. ఈ సర్దుబాటుకు ఒక పూట పట్టినా పట్టనివ్వండి. ప్యానెల్ పుట్టుకతో వంగి ఉంటుంది కాబట్టి తేడా సున్నా ఎప్పటికీ రాదు, మిగిలింది రాసుకోండి.

తర్వాత అసలు లోడు. 200 దాకా 20 చొప్పున, 280 దాకా 10 చొప్పున, ఆ పైన 5 చొప్పున పెంచుతూ ప్రతి మెట్టులో రెండు నిమిషాలు ఆగి రీడింగులు తీయండి. పక్క కదలిక ఒక్కో మెట్టుకు ముందుకన్నా రెట్టింపవుతుంటే లోడు చూడటం మానేసి కుదింపును పట్టుకుని నడపాలి: 0.05 మి.మీ. కుదింపు, ఆగడం, చదవడం. శిఖరం దగ్గర మొత్తం స్థితిస్థాపక కుదింపే అర మి.మీ. ఉంటుంది కాబట్టి 0.05 కన్నా పెద్ద మెట్టు వేస్తే శిఖరం చేతికి చిక్కదు. చేతిపంపుతో ఇది సాధ్యమే, నెమ్మదిగా సగం సగం స్ట్రోకులు వేయాలి. పొడవాటి గొట్టాలు వాడొద్దు. గొట్టంలోనూ ఫ్రేమ్‌లోనూ నిలిచిన శక్తి శిఖరం దాటగానే ఒక్కసారి ప్యానెల్ మీద పడి, చివరి ఆకారాన్ని చెడగొడుతుంది. ఎండ్ ప్లేట్ల మధ్య నాలుగు మూలల్లో పైపు స్టాపర్లు 3 మి.మీ. ఖాళీతో నిలబెడితే కూలినా అక్కడ ఆగుతుంది. ప్యానెల్‌కు వదులుగా గొలుసు కట్టండి, ముందు నిలబడొద్దు, పక్క నుంచి చూడండి.

లోడు శిఖరంలో 70 శాతానికి దిగేదాకా కొనసాగించాలి. శిఖరం తర్వాత ఎంత వేగంగా దిగిందన్నది శిఖరమంత విలువైన సమాచారం. ఓడలో ఒక ప్యానెల్ వదిలేసిన భారాన్ని పక్కవి ఎత్తుకోవాలి కదా.

ఏం జరిగిందో చదవడం

ప్లేటుకు రెండు ముఖాలా ఉన్న గేజ్ జతలు మొదట కలిసి నడుస్తాయి. ఒకటి పెరుగుతూ రెండోది వెనక్కి తిరిగిన చోటే ఆ బే ఉబ్బడం మొదలైనట్టు. రెంటి సగటు నొక్కుడు, తేడాలో సగం వంపు.

కూలిన తీరును ప్యానెల్ ఎటు వంగిందో చూసి చెప్పొచ్చు. నడుము స్టిఫెనర్ల వైపుకు వచ్చిందంటే ప్లేటు లోపలి వంపులో పడి నొక్కుకుంది, ప్లేటు చేతగాకే కూలింది. నడుము ప్లేటు వైపుకు పోతే స్టిఫెనర్ కొనలు నొక్కుకుని కూలాయి. హింజి కొనలున్న ఈ ప్యానెల్‌లో మొదటి తీరుకే అవకాశం ఎక్కువ. ప్లేటు ఉబ్బి పనిచేసే వెడల్పు తగ్గేకొద్దీ గురుత్వ కేంద్రం స్టిఫెనర్ల వైపుకు దాదాపు 0.9 మి.మీ. జరుగుతుంది, జాకీ గీత మాత్రం ఉన్నచోటే ఉంటుంది. పుట్టు వంపు అటువైపు గట్టిగా ఉంటే రెండో తీరూ రావచ్చు, అది తప్పేమీ కాదు. ఓడలో ప్యానెల్ ఫ్రేమ్ తర్వాత ఫ్రేమ్‌గా సాగిపోతుంది, ఒక బే పైకి వంగితే పక్క బే కిందికి వంగుతుంది. ఆ సాగుడును పట్టుకోవాలంటే అర, ఒకటి, అర బేల నమూనా కావాలి, దానికి 1,200 పొడవున్న ఫ్రేమ్ కావాలి.

స్టిఫెనర్ పక్కకు పడిపోవడాన్ని ట్రిప్పింగ్ అంటారు. 40×5 ఫ్లాటుకు ఆ ఒత్తిడి 1,200 మెగాపాస్కల్ పైన ఉంటుంది కాబట్టి శిఖరానికి ముందు రాకూడదు. వచ్చిందంటే వెల్డు ఒక పక్కే పట్టిందో, ఫ్లాటు బాగా ఒరిగి ఉందో చూడాలి. 40×3 ఫ్లాటు వాడితే ఆ ఒత్తిడి 440కి దిగిపోతుంది. ట్రిప్పింగ్‌ను చూడటమే ఉద్దేశమైతే అదే వాడండి.

ఒకే రకం ప్యానెళ్లు మూడు చేసి మూడూ నొక్కాలి. నివేదికలో కూలిన లోడును కొలిచిన మందం, కొలిచిన ఈల్డ్‌తో లెక్కగట్టిన చితికే లోడుతో భాగించి ఇవ్వాలి. ప్లేటుకు, ఫ్లాటుకు ఈల్డ్ వేరైతే ఒక్కోదాని వైశాల్యాన్ని దాని ఈల్డ్‌తో గుణించి కూడాలి. పక్కనే బీటా, లాంబ్డా, నాలుగో తరంగం వంపు, స్టిఫెనర్ నిలువు వంపు, వెల్డు కాలు, హింజి రకం, మిగిలిన ఇరుసు తప్పు, వంగిన దిశ ఉండాలి. ఎఫ్‌ఈఎం (ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతిలో కంప్యూటర్ లెక్క) చేసేవాళ్లకు గళ్ల రీడింగుల ఫైలు మొత్తం ఇవ్వండి. బేకు అడ్డంగా కనీసం పది షెల్ ఎలిమెంట్లు పెట్టి, కొలిచిన వంపునే నమూనాలోకి ఎక్కించి, ఎండ్ ప్లేట్ల ఇరుసును 600 దగ్గరే ఉంచి నడపమని చెప్పండి.